168 మంది గెలిచారట! మరి వాంకాలు రాసిన పద్దు ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యం మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, మాచు పిచ్చు బొమ్మనైతే మా మనవరాలు కత్తిరించి దాచుకుంది. నా పేచీ అంతా వ్యాసంతోనే. 168 మంది స్పెయిన్ వాళ్ళు గుర్రాలెక్కి వచ్చారు, తుపాకులు పేల్చారు, అమాయకులైన ఇంకాలు వాళ్ళని దేవుళ్ళనుకుని చేతులెత్తేశారు, ఒక్క సాయంత్రంలో కోటి మంది రాజ్యం పేకమేడలా కూలింది. ఇంతే కథ. పైగా పక్కనే ఒక బాక్సు కట్టి, ఆ రాతిగోడలు మనుషులు కట్టినవేనా లేక గ్రహాంతరవాసుల పనా అని ఓ ప్రశ్న. అంటే ఆ జనం కట్టినవాటిని వాళ్ళు కట్టలేదన్నారు, పోరాడినచోట వాళ్ళు పోరాడలేదన్నారు. ఇక వాళ్ళకు మిగిల్చిందేమిటండీ?

నేను చరిత్ర ప్రొఫెసర్ని కాదు. సహకార బ్యాంకులో లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. ఈ ఇంకాల మీద నాకు ఆసక్తి పుట్టిందే వాళ్ళ లెక్కల వల్ల, ఆ దారినే చదువుకుంటూ పోయాను. ఏ లెక్కైనా చూడగానే మొదట నేను అడిగేది ఒకటే, జమ రాశారు సరే, ఖర్చు ఏది? ఆ 168 మంది కథలో నాకు కనిపించే లోటు అదే. వాళ్ళకు తిండి పెట్టిందెవరు, సామాన్లు మోసిందెవరు, దారి చూపిందెవరు, వాళ్ళ పక్కన నిలబడి కొట్లాడిందెవరు? ఆ పద్దు మీ వ్యాసంలో ఒక్క లైను కూడా లేదు. అసలు విచిత్రమేమిటంటే ఆ పద్దు నిజంగానే ఉంది, అప్పట్లోనే రాసి పెట్టారు, అదీ కాగితం మీద కాదు, తాళ్ళ మీద. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ సాయంత్రం సంగతి. 1532 నవంబర్ 16, ఇప్పటి పెరూ ఉత్తర కొండల్లో కహమార్కా అనే ఊరు. (ఇక్కడ మన విజయనగరంలో అచ్యుతదేవరాయలు ఏలుతున్న రోజులవి.) స్పెయిన్ వాళ్ళ నాయకుడు పిజారో దగ్గర 62 మంది రౌతులు, 106 మంది కాలిబంట్లు, కొన్ని చిన్న ఫిరంగులు ఉన్నాయి. ఊరి బయట ఇంకా రాజు అతహువల్పా సైన్యం వేలకు వేలుగా దిగి ఉంది. చౌకులోకి అతను వచ్చింది మాత్రం ఆయుధాలు దాదాపు లేకుండా, పల్లకీలో, కొన్ని వేల మంది పరివారంతో, పండక్కి వచ్చినట్టు. వాల్వెర్దే అనే పాదిరి ముందుకొచ్చి మతం గురించి చెప్పి పుస్తకం చేతికిచ్చాడు, అతహువల్పా దాన్ని విసిరేశాడు, ఫిరంగి పేలింది, భవనాల్లో దాక్కున్న రౌతులు మీద పడ్డారు. చీకటి పడేలోపు కనీసం రెండు వేల మంది చచ్చారు, రాజు పట్టుబడ్డాడు, స్పెయిన్ వాళ్ళలో ఒక్కడూ చావలేదు. ఇదంతా నిజం. గుర్రాలూ ఉక్కు కత్తులూ లెక్కలోకి రావని వాదించడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు, చదును నేల మీద గుర్రపు దాడికి ఆ రోజుల్లో వాళ్ళ దగ్గర జవాబు లేదు.

కానీ దేవుళ్ళనుకుని దండం పెట్టారన్న మాట ఉంది చూశారూ, అది గెలిచినవాళ్ళు తర్వాత చెప్పుకున్న ముచ్చట. పిజారో ఇంకా దారిలో ఉండగానే అతహువల్పా దూత ఒకడు వాళ్ళ విడిదికి వచ్చి, మనుషులనూ గుర్రాలనూ కత్తులనూ దగ్గర నుంచి చూసి, వెళ్ళి చెప్పాడు. అతహువల్పా వాళ్ళని దేవుళ్ళని కాదు, ఇంత తక్కువ మంది ఏం చేయగలరులే అనుకున్నాడు. అప్పటికే ఒక పెద్ద యుద్ధం గెలిచిన ఊపులో ఉన్నాడు మరి. అతి నమ్మకం అనండి, ఒప్పుకుంటాను. అమాయకత్వం అనకండి.

ఆ పెద్ద యుద్ధం ఏమిటో మీ వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అసలు మొదలు అక్కడే ఉంది. 1520లో మెక్సికోలో మశూచి అడుగుపెట్టింది. మనవాళ్ళు అమ్మవారు పోసింది అంటారే, అదే జబ్బు. అమెరికా ఖండాల్లో అంతకుముందు ఎవరూ దాన్ని ఎరగరు, ఒంట్లో తట్టుకునే శక్తి ఒక్కరికీ లేదు. స్పెయిన్ సైనికుల కంటే ముందే అది కొండలెక్కి దక్షిణానికి దిగిందని, 1527 ప్రాంతంలో ఇంకా చక్రవర్తి హువాయ్నా కపాక్ క్విటో వైపు ఉండగా చనిపోయింది దానివల్లేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. వారసుడు అనుకున్న కొడుకూ ఆ దెబ్బకే పోయాడు. మిగిలిన ఇద్దరు కొడుకులు, రాజధాని కుస్కోలో హువాస్కర్, ఉత్తరాన అతహువల్పా, కొట్టుకున్నారు. ఆ అన్నదమ్ముల తగవులో ఎన్ని ఊళ్ళు బూడిదయ్యాయో! ఉత్తరాన కన్యారి అనే జనం హువాస్కర్ పక్షం చేరారని అతహువల్పా వాళ్ళని ఊచకోత కోయించాడు. ఈ కన్యారి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. కహమార్కా చౌకులో ఆ సాయంత్రం పట్టుబడింది తవాంతిన్‌సుయు, అంటే ఇంకా రాజ్యం, మొత్తం కాదు. అంతర్యుద్ధంలో అప్పుడే గెలిచిన ఒక పక్షం నాయకుడు. రెండో పక్షం వాళ్ళు, మా పీడ విరగడైంది అనుకున్నారు. హువాస్కర్‌ని అతహువల్పా జైల్లో ఉండే చంపించాడు కూడా.

తన విడుదలకని అతహువల్పా సుమారు 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు ఉన్న గదిని బంగారంతో ఒకసారి, వెండితో రెండుసార్లు నింపిస్తానన్నాడు, చాలావరకు నింపించాడు. కరిగిస్తే ఆరు టన్నుల పైచిలుకు బంగారం, దాదాపు పన్నెండు టన్నుల వెండి తేలాయి. తీసుకున్నారు, 1533 జులైలో అతని గొంతు బిగించి చంపేశారు. ఇది మీరు రాశారు కాబట్టి నేను సాగదీయను.

ఇక నేను చెప్పాలనుకున్నది. కుస్కోకి వెళ్ళే దారిలో, కొండల నడుమ మంతారో నది లోయలో హౌహా అనే పట్టణం ఉంది. ఆ లోయలో ఉండేవాళ్ళు వాంకాలు. ఇంకాలు వాళ్ళని లోబరచుకుని అప్పటికి డెబ్బై ఏళ్ళో ఏమో అయింది, కడుపులో మంట చల్లారలేదు. పిజారో మనుషులు వస్తుంటే వాంకాలు ఎదురెళ్ళి స్వాగతం చెప్పారు, అంతకు ముందే కహమార్కాకి కూడా సరుకులు పంపారు. లోయ చుట్టూ కొండవాలుల్లో ఇంకాలు కట్టిన గిడ్డంగులు రెండు వేలకు పైగా ఉన్నాయి. మొక్కజొన్న, కినోవా అనే గింజలు, బంగాళదుంప, రాత్రి మంచులో పెట్టి పగలు ఎండలో తొక్కి ఏళ్ళతరబడి నిలవ ఉండేలా చేసిన చూన్యో, బట్టలు, చెప్పులు, తాళ్ళు. ఆ గిడ్డంగులు ఎంతటివో ఒక్క లెక్క చెబుతాను. స్పెయిన్ వాళ్ళు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటున్న కాలంలో, 1547లో గాస్కా అనే రాజప్రతినిధి దాదాపు రెండు వేల మంది సైన్యంతో హౌహాలో ఏడు వారాలు దిగితే, అందరికీ ఆ గిడ్డంగుల్లోంచే తిండి పెట్టారు. చక్రవర్తి చచ్చి పద్నాలుగేళ్ళయినా గిడ్డంగి నిండుతూనే ఉంది, పద్దు నడుస్తూనే ఉంది.

పద్దు అన్నాను కదా. ఆ పద్దు రాసే తాళ్ళని కీపు అంటారు. ఒక లావుపాటి అడ్డతాడు, దానికి వేలాడే దారాలు, దారాలకు ముళ్ళు. ఉదాహరణకి 243 వేయాలనుకోండి. దారం పైభాగంలో వందల స్థానంలో రెండు మామూలు ముళ్ళు, మధ్యలో పదుల స్థానంలో నాలుగు, అడుగున ఒకట్ల స్థానంలో మూడు చుట్లు తిప్పిన ఒకే పొడుగుముడి. ఒకట్లకు మాత్రమే ఆ చుట్ల ముడి వాడతారు, అందువల్ల అంకె ఎక్కడ ముగిసిందో తడిమి చూసినా తెలుస్తుంది. ఒక్క చుట్టు తిప్పితే అది మామూలు ముడే అయిపోతుంది కాబట్టి 1కి వేరేగా ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేస్తారు. సున్నా అంటే ఖాళీ జాగా. కొన్ని కీపుల్లో పక్క దారాల మొత్తం చూపే ఒక దారం కూడా ఉంటుంది, అంటే అది టోటల్ అన్నమాట! 1912లో లీలాండ్ లాక్ అనే ఆయన ఈ స్థానాల పద్ధతిని విప్పి చెప్పాక, ఒక ఊరి లెక్కలు పైస్థాయి లెక్కలోకి మొత్తంగా ఎలా చేరతాయో కూడా లిమా పక్కనున్న పురుచుకోలో దొరికిన కీపుల్లో పట్టుకున్నారు. బ్రాంచి నుంచి హెడ్డాఫీసుకు స్టేట్‌మెంట్ వెళ్ళినట్టే. జీవితమంతా ఆ పనిచేసినవాణ్ని, ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. రాత రాని జాతి అని ఒక్క ముక్కలో తీసిపారేశారు మీ వ్యాసంలో.

వాంకా ప్రభువులు ఏం చేశారంటే, పిజారో కాలు పెట్టిన నాటి నుంచి స్పెయిన్ వాళ్ళకు ఇచ్చిన ప్రతి వస్తువునీ కీపులో ముడి వేసుకుంటూ వచ్చారు. ఎన్ని లామాలు, ఎంత మొక్కజొన్న, ఎన్ని దుప్పట్లు, ఎన్ని కుండలు, ఎన్ని జతల చెప్పులు, ఎన్ని కట్టెలు, బొగ్గు, చేపలు, కౌజుపిట్టలు, చివరికి సామాను మోయడానికి ఎంతమంది మగవాళ్ళు, ఎంతమంది ఆడవాళ్ళు వెళ్ళారు, అంతా. ఇందులో నన్ను నిలబెట్టేసింది ఇంకో సంగతి. మేము ఇచ్చినవి వేరే, వాళ్ళు దోచుకున్నవి వేరే అని రెండు ఖాతాలు విడదీసి పెట్టారు! సియెసా దె లియోన్ అనే స్పెయిన్ సైనికుడు, అక్కడి సంగతులు రాసుకుంటూ తిరిగినవాడు, 1540ల చివర్లో ఆ లోయకి వెళ్ళినప్పుడు ఒక వాంకా ప్రభువు తన మనుషుల చేత కీపులు తెప్పించి లెక్క చదివించి వినిపిస్తే నోరెళ్ళబెట్టానని తనే రాసుకున్నాడు. 1558లోనూ 1561లోనూ వాళ్ళు ఆ తాళ్ళు పట్టుకుని లిమాలోని స్పెయిన్ కోర్టుకే వెళ్ళారు. ముడి తడుముతూ ఒకడు చెబుతుంటే, దుబాసీ స్పానిష్‌లోకి మార్చి చెబుతుంటే, గుమాస్తా కాగితం మీద ఎక్కించాడు. మీరు గెలిచింది మా సాయంతో, ఇదిగో బిల్లు, అని. వాళ్ళలో ఒక ప్రభువు ఫెలిపె గ్వాక్రపౌకర్ సముద్రం దాటి స్పెయిన్ వెళ్ళి రాజు దగ్గర నుంచి వంశచిహ్నం కూడా రాయించుకుని వచ్చాడు.

అందుకే అంటున్నాను, 168 మంది గెలిచారన్నది సగం లెక్క. మిగతా సగాన్ని రాసింది వాంకాలు, మన అదృష్టం కొద్దీ అది కోర్టు కాగితాల్లో మిగిలింది.

లెక్కలు నమ్మనివాళ్ళకి ఎముకలు ఉన్నాయి. 1536లో మాంకో ఇంకా అనే రాజు తిరగబడ్డాడు. మొదట స్పెయిన్ వాళ్ళే పట్టం కట్టిన కుర్రాడు, వాళ్ళు చేసిన అవమానాలు భరించలేక లేచాడు. కుస్కోని నెలల తరబడి ముట్టడించాడు, పిజారో తమ్ముడు హువాన్ సక్సాయ్‌వమాన్ కోట దగ్గర ఆ పోరులోనే తలకు దెబ్బ తగిలి చచ్చాడు. సాయానికి బయల్దేరిన స్పెయిన్ దళాలను ఇరుకు కనుమల్లోకి రానిచ్చి పైనుంచి రాళ్ళు దొర్లించి ఒకదాని తర్వాత ఒకటి తుడిచిపెట్టారు. గుర్రానికి విరుగుడు చదును నేల మీద దొరకలేదు గానీ కొండలో దొరికింది! మాంకో సేనాని కీసో యుపాంకి లిమా దాకా దిగి వచ్చాడు. అక్కడ ఓడిపోయాడు. ఎందుకు ఓడాడు? పురుచుకోలోనే ఒక శ్మశానంలో ఆ కాలంలో హడావిడిగా పూడ్చిన డెబ్బైకి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో ఒక పుర్రెకి తుపాకీ గుండు తగిలిన రంధ్రం ఉంది, అమెరికా ఖండాల్లో తుపాకీకి బలైనవాళ్ళలో మనకు దొరికిన తొలి మనిషి ఇతనే అని 2007లో పేపర్లన్నీ రాశాయి, బహుశా మీరూ వేసి ఉంటారు. కానీ అదే తవ్వకంలో తేలిన రెండో మాట ఎవరూ పెద్దక్షరాల్లో వేయలేదు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఎముకలు విరిగింది ఉక్కు కత్తికి కాదు, తుపాకీకి కాదు, రాతి గదలకి. అంటే స్థానికుల ఆయుధాలకి. లిమాని కాపాడటానికి వచ్చిన స్థానిక సైన్యాలు అక్కడ పోరాడాయి, వాటిలో హువాయ్లాస్ అనే ప్రాంతం నుంచి వచ్చినదాన్ని పంపింది పిజారోతో ఉంటున్న ఇంకా వంశపు రాకుమార్తెకి స్వయానా తల్లి.

ఇది చదివి, చూశారా వాళ్ళ కొంప వాళ్ళే కూల్చుకున్నారు, అనేవాళ్ళు ఉంటారు. నాకు ఆ తీర్పు కూడా నచ్చదు. వాంకాలకు, కన్యారీలకు, చాచపోయాలకు ఇంకా రాజ్యం తమ కొంప కాదు. ఇంకాలు వాళ్ళ ఊళ్ళని జయించారు, నోరెత్తినవాళ్ళని కుటుంబాలతో సహా పెకలించి వందల మైళ్ళ అవతల నాటారు, కొందరి పిల్లల్ని కొండశిఖరాల మీద బలి ఇచ్చారు. 1999లో ల్యుల్యైయాకో శిఖరం మీద, ఆరువేల ఏడొందల మీటర్ల ఎత్తున మంచులో ముగ్గురు పిల్లల దేహాలు నిన్న నిద్రపోయినట్టు దొరికాయి. ఇంకాలని బంగారు మనుషుల్ని చేసి కూర్చోబెట్టే రాతలూ ఉన్నాయి, నేను ఆ బాపతు కాదు. అది సామ్రాజ్యం, మిగతా సామ్రాజ్యాల్లాంటిదే. ఆకలితో ఎవరినీ చావనివ్వని గిడ్డంగులూ దానివే, ఆ బలులూ దానివే. దాని కింద నలిగినవాళ్ళు కొత్తగా వచ్చిన బలవంతుణ్ని వాడుకుని పాత బలవంతుణ్ని దించుదామనుకున్నారు. మన దగ్గర కంపెనీ సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే కదా. క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దృష్టిలో తాము దేశానికి ద్రోహం చేస్తున్నామా? ఆ దేశం అనే భావన అప్పటికి ఎక్కడుంది?

వాంకాల అంచనా తప్పిందనేది మాత్రం నిజం, ఎందుకంటే కొత్త బలవంతుడు ఎలాంటివాడో ఎవరికీ తెలియదు. 1569లో వచ్చిన తొలేదో అనే వైస్రాయ్ 1570ల్లో అందరికీ ఒకటే మందు వేశాడు. ఇంకాల కాలంలో ఊరికి వంతులవారీగా కొన్నాళ్ళు సర్కారు పని చేసే పద్ధతి ఉండేది, దాన్ని మీతా అంటారు. చేసినవాళ్ళకి రాజ్యం తిండి పెట్టేది, బట్ట ఇచ్చేది, పండగ చేసేది. తొలేదో పేరు అదే ఉంచి దాన్ని గనులకి మళ్ళించాడు. పొటోసి వెండికొండకి ఏటా పదమూడు వేల మందికి పైగా బలవంతపు కూలీలు. ఆ వెండిని శుద్ధి చేయడానికి పాదరసం కావాలి, అది వాంకవెలికా గనుల్లో ఉంది, ఆ విషపు దుమ్ములోకి మనుషుల్ని పంపాల్సిన జిల్లాల్లో హౌహా కూడా ఒకటి. బిల్లు పట్టుకుని కోర్టుకెళ్ళినవాళ్ళ మనవలు పాదరసం తవ్వారు. ఇటు మశూచి, తట్టు, ఇన్‌ఫ్లూయెంజా విడతలు విడతలుగా వస్తూనే ఉన్నాయి. ఒక పేరున్న అంచనా ప్రకారం ఇప్పటి పెరూ ప్రాంతంలో 1520లో 90 లక్షలు ఉన్న జనం 1620 నాటికి ఆరు లక్షలు. ఇలాంటి అంచనాల మీద పండితులు కొట్టుకుంటారు, మొదటి సంఖ్య ఇంకా తక్కువే అనేవాళ్ళూ ఉన్నారు. ఎలా చూసినా పదిమందిలో మహా అయితే ఒకరిద్దరు మిగిలారన్నమాట.

అయినా ఆ ఒక్క సాయంత్రంలో కూలిన రాజ్యం ఎప్పుడు ముగిసిందో తెలుసా? 1572లో. మాంకో కుస్కో వదిలి విల్కబాంబా అడవికొండల్లోకి వెళ్ళి అక్కడ కొత్త రాజధాని పెట్టాడు. తాను ఆశ్రయం ఇచ్చిన స్పెయిన్ వాళ్ళే అతన్ని పొడిచి చంపారు. తర్వాత కొడుకులు ఒకరి తర్వాత ఒకరు ఏలారు. వాళ్ళలో తీతు కూసి 1570లో తమ వైపు కథ అంతా చెప్పి స్పానిష్‌లో రాయించాడు, మా నాన్నకి ఇలా ద్రోహం చేశారు అని. చివరివాడు తుపాక్ అమారు. తొలేదో సైన్యం అతన్ని అడవిలోంచి పట్టి తెచ్చి, కుస్కో చౌకులో, జనం అరుపుల మధ్య తల నరికించింది. కత్తి ఎత్తింది ఒక కన్యారి. గుర్తుపెట్టుకోమన్నది అందుకే. కహమార్కా నుంచి ఇక్కడికి నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళ యుద్ధాన్ని ఒక సాయంత్రం చేసేశారు సార్ మీరు.

ఆ గ్రహాంతరవాసుల బాక్సు గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. ఓయంతాయ్‌తంబో అనే ఇంకా కోటలో ఉన్న రాళ్ళు ఏ క్వారీ నుంచి వచ్చాయో తెలుసు, నది అవతలి కొండ మీద కచికాతా అనే చోట, ఇప్పటికీ సగం చెక్కిన రాళ్ళు అక్కడ పడి ఉన్నాయి. అక్కడి నుంచి కోటకి వచ్చే దారిలో మధ్యలోనే వదిలేసిన బండలున్నాయి, వాటిని స్థానికులు అలసిపోయిన రాళ్ళు అంటారు. 1980ల్లో ప్రోత్జెన్ అనే ఆర్కిటెక్ట్ ఇంకాలు వాడినలాంటి గుండ్రాళ్ళు చేత్తో పట్టుకుని కొట్టి, రెండు గంటలు కూడా పట్టకుండా ఒక బండకి మూడు ముఖాలు చదును చేసి చూపించాడు. రాయి బరువుతోనే కొట్టాలి, చేతి బలంతో కాదు, అదీ కిటుకు. ఆ మచ్చలు గోడల మీద కనిపిస్తూనే ఉంటాయి. ఐరోపాలో చర్చిల్ని చూసి ఎవరూ ఇది మనుషులు కట్టారా అని అడగరు. నల్లవాళ్ళో ఎర్రవాళ్ళో కడితేనే ఈ సందేహం వస్తుంది. మన హంపీ రాతిరథం పక్కన కూడా ఎవడో ఒకడు ఈ వీడియో తీసే ఉంటాడు.

మరో మాట. వ్యాసం చివర అంతరించిపోయిన జాతి అని రాశారు. వాళ్ళ కెచువా భాష ఇవాళ దాదాపు 80 లక్షల మంది మాట్లాడుతున్నారు, పెరూ ప్రభుత్వం 1975లో దాన్ని అధికార భాష చేసింది. అపురిమాక్ నది మీద కెస్వచాక అనే గడ్డితాళ్ళ వంతెన ఉంది, సుమారు 28 మీటర్ల పొడవు. ప్రతి ఏడాది జూన్‌లో అటూ ఇటూ ఉన్న నాలుగు ఊళ్ళ వాళ్ళు కూడి, ఇంటింటికీ ఇంత తాడు అని గడ్డి పేని తెచ్చి, పాతదాన్ని కోసి నదిలోకి వదిలేసి కొత్తది అల్లుతారు. పక్కనే ఇనుప వంతెన ఉన్నా అల్లుతారు. 2013లో యునెస్కో దాన్ని గుర్తించింది. ఇది అంతరించిన జాతి చేసే పనా?

మా అనంతపురం పాఠకుల కోసమైనా ఇంకో సంగతి వేసి ఉండాల్సింది. ఇన్నేళ్ళు మా జిల్లా బతికినా చితికినా వేరుశనగ మీదే, ఆ వేరుశనగ దక్షిణ అమెరికా రైతులు వేల ఏళ్ళ కింద మచ్చిక చేసిన పంట. పెరూ ఉత్తర తీరంలో సిపాన్ అనే చోట 1987లో ఒక ప్రభువు సమాధి బయటపడింది, ఇంకాల కంటే వెయ్యేళ్ళకు పైగా ముందరి మోచే నాగరికతది. ఆయన మెడలో హారం ఉంది, ఇరవై వేరుశనగకాయల హారం, కుడివైపు పది బంగారువి, ఎడమవైపు పది వెండివి, నిజమైన కాయ కంటే పెద్దవి, తొక్క మీది గీతలతో సహా. మేము గిట్టుబాటు ధర లేదని రోడ్డు మీద పారబోసిన కాయని వాళ్ళు రాజు మెడలో వేశారు. ఈ ఒక్క ఫొటో వేసుంటే గ్రహాంతరవాసుల బాక్సు కంటే పదిరెట్లు మంది చదివేవారని నా నమ్మకం.

అడిగేది రెండే. ఒకటి, ఆ బాక్సుకి సవరణ వేయండి, చిన్న అక్షరాల్లో అయినా పర్లేదు. రెండు, పిల్లల పేజీలో కీపు గురించి ఒక అర పేజీ ఇవ్వండి. అంకెల ముళ్ళు ఎలా వేయాలో గీతలతో నేను కాగితం మీద గీసి పెట్టాను, మీ ఆర్టిస్టు దాన్ని సరిచేసుకుంటే చాలు, పారితోషికం ఏమీ అక్కర్లేదు. గీసినదాన్ని ఈ ఉత్తరంతో పాటే కవర్లో పెట్టాను. పొడుగుముడి మూడో బొమ్మలో చుట్లు ఎడమ నుంచి కుడికి చూపించాను, ప్రింటులో తిరగేయకుండా చూడమని మనవి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
అనంతపురం